మళ్ళా రావలసినవాళ్ళ పుస్తకం

మా బావగారు పోయారని కుప్పం నుంచి ఫోను వచ్చేసరికి నేను దేవుడి ముందు వత్తులు సరిచేస్తున్నాను. చేసింది అక్క. అక్క అంటే నా తోబుట్టువు కాదు, ఆయన భార్య, నా తోడికోడలు. "కాఫీ పెట్టి లేపినా మ్మీ. లేయలేదు" అంది. వారం రోజులుగా ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి దగ్గుతో ఉన్నారు. పోయింది దానితోనే. గుండె మాత్రం చివరిదాకా బాగానే ఉండిందని డాక్టరు అన్నాడట. ఆ మాట అక్క ఫోను పెట్టేసే ముందు రెండుసార్లు చెప్పింది. అది నాకోసం చెప్పిందని నాకు తెలుసు.

పదమూడో రోజు పంచడానికి ఆయన ఫొటోతో ఒక కాగితం అచ్చు వేయించారు. అందులోకి నాలుగు మాటలు రాసివ్వమని ఆయన కూతురు నన్ను అడిగింది. "నాయనతో అన్నేండ్లు పనిచేసింది నువ్వే గదా చిన్నమ్మా" అంది. రాసిచ్చాను. పుంగనూరులో పాతికేళ్ళు రక్తపరీక్షల ల్యాబు నడిపారనీ, దైవభక్తి గలవారనీ, ఎవరినీ నొప్పించి ఎరగరనీ రాశాను. తిరుగు బస్సులో పలమనేరు దాటాక ఆ కాగితం మడత విప్పి చదువుకున్నాను. అన్నీ నిజాలే. ఆయన మాత్రం అందులో లేరు. ఇంకెవరి ఫొటో కింద పెట్టినా ఆ మాటలు సరిపోతాయి.

అందుకే ఇప్పుడు కలం పట్టుకున్నాను. నేను చదివింది పదో తరగతి. ఇన్నేళ్ళలో నేను రాసిందల్లా పేర్లూ అంకెలే. ల్యాబులోని ఒక పాత పుస్తకం నా దగ్గర ఉంది. దానిలో సగం పైగా ఖాళీ పేజీలు. వాటిలోనే రాస్తున్నాను. వేరే నోటు పుస్తకం కొనకుండా ఇందులోనే ఎందుకు రాశానన్నది చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

మా ఇంటాయన, మా బావగారు ఇద్దరే అన్నదమ్ములు. మా ఆయన పుంగనూరులో బెల్లం మండీ చూసుకునేవారు. బావగారు వయసులో ఉండగా మదనపల్లెలో ఒక పెద్దాసుపత్రిలో రక్తపరీక్షల పని నేర్చుకుని వచ్చి, బస్టాండు వీధిలో రెండు గదులు తీసుకుని ల్యాబు పెట్టారు. ఇళ్ళు పక్కపక్కనే, గోడ ఒకటే. అయినా పెళ్ళయిన పదేళ్ళలో నేను మా బావగారితో ఒక్క మాట నేరుగా మాట్లాడలేదు. మా ఇళ్ళలో మొగుడి అన్న ఎదుట ఆడవాళ్ళు నిలబడి మాట్లాడరు. ఇలా ఉండాలని నాకెవరూ చెప్పలేదు. మా అత్తగారు వాళ్ళ బావగారు వస్తే తలుపు చాటుకు జరగడం చూశాను, నేనూ జరిగాను. ఏదైనా చెప్పాలంటే అక్కతో చెప్పేదాన్ని. అక్క లేకపోతే గోడ వైపు తిరిగి చెప్పేదాన్ని.

మా ఆయనకు చేతులూ కాళ్ళూ సన్నం. పొట్ట మాత్రం కాస్త ముందుకు ఉండేది. మండీకి వచ్చేవాళ్ళు దాన్ని సావుకారి కళ అనేవాళ్ళు. నా వంట వల్ల వచ్చిన కళ అని నేను లోలోపల సంతోషపడేదాన్ని. ఆయనకు చక్కెర జబ్బు లేదు, బీపీ లేదు. ఒకరోజు ఉదయం మండీలో బెల్లం దిమ్మలు తూకం వేయిస్తూ, మూట మీద కూర్చుని మంచినీళ్ళు అడిగారట. నీళ్ళు వచ్చేసరికి లేరు. ఆయనకు నలభై ఒకటి. నాకు ముప్పై నాలుగు. మాకు పిల్లలు లేరు.

ఏడాది గడిచింది. నేను గడప దాటడం లేదు. ఒక పొద్దున బావగారు మా వాకిట్లో నిలబడి, లోపల నాతోపాటు కూర్చున్న అక్కతో కాస్త గట్టిగానే చెప్పారు. "ల్యాబులో పేర్లు రాసేదానికి మనిషి కావాల. టెన్తు సదివిన మనిషి ఇంట్లోనే ఉండాది. బయట యాల ఎతకాల?"

"ఆ మాట ఆ యమ్మితోనే సెప్పరాదా? నా మొగానికి సెప్తాండావు" అంది అక్క. అప్పటికే ఆయన వీధిలోకి వెళ్ళిపోయారు.

అలా ల్యాబుకు వెళ్ళాను. మొదటి వారం నరకం అనిపించింది. ముందు గదిలో రోగులు ఉన్నంతసేపూ ఫరవాలేదు. వాళ్ళు వెళ్ళాక ఆయనా నేనూ మిగిలేవాళ్ళం. మాట్లాడకుండా పని జరగదు, మాట్లాడే అలవాటు లేదు. ఒకరోజు స్పిరిట్ అయిపోయింది. దూది చేతిలో పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో. ఎదురుగా గోడ మీద వేంకటేశ్వరస్వామి క్యాలెండరు ఉంది. దాని వైపు చూసి మెల్లగా అన్నాను, "స్వామీ, స్పిరిట్ అయిపోయింది" అని. బావగారు తల తిప్పలేదు. మధ్యాహ్నానికి కొత్త సీసా బల్ల మీదికి వచ్చింది. మరునాడు ఆయన అదే క్యాలెండరు ముందు నిలబడి, "స్వామీ, రేపు ఆరుగురు పరగడుపున వస్తాండారు. సూదులన్నీ ఉడకబెట్టి పెట్టాల" అన్నారు. నేను ఉడకబెట్టి పెట్టాను.

అప్పటినుంచి పన్నెండు పదమూడేళ్ళు మేమిద్దరం స్వామి ద్వారానే మాట్లాడుకున్నాం. ఏటేటా క్యాలెండరు మారేది. స్వామి మారకుండా నేను చూసుకునేదాన్ని. వచ్చినవాళ్ళు మొదట వింతగా చూసేవాళ్ళు. రామసముద్రం నుంచి వచ్చిన ఒక ముసలి రైతు చాలాసేపు మమ్మల్ని విని, "ఈడ దేవుడు గూడా పనికుండాడా అప్పా?" అని అడిగాడు. "లేదప్పా, ల్యాబు ఆయనదే. మేమిద్దరం పనికుండాం" అన్నారు బావగారు, సూది గుచ్చుతూనే. ముసలాయన నవ్వడంలో నొప్పి మరిచిపోయాడు.

మా పని గురించి కొంచెం చెప్పాలి. తీసిన రక్తాన్ని గాజు గొట్టంలో పోసి గిర్రున తిప్పే యంత్రంలో పెడితే, ఎర్రటిది అడుక్కు దిగి పైన పసుప్పచ్చటి నీరు తేలుతుంది. దాన్ని సీరం అంటారు. చాలామందికి అది తేటగా, నువ్వుల నూనెలా ఉంటుంది. కొందరికి మాత్రం పాలు కలిపినట్టు తెల్లగా ఉంటుంది. అంటే రక్తంలో కొవ్వు ఎక్కువగా ఉందన్నమాట. అయితే అప్పుడే ఏదైనా తిని వచ్చినవాళ్ళకు కూడా అలా ఉండవచ్చు. కాబట్టి పన్నెండు గంటలు ఏమీ తినకుండా రెండోసారి రావాలి.

అసలు కష్టం అక్కడే. ఏమీ ముట్టకూడదు అంటే మా వైపు ఆడవాళ్ళకు అన్నం ముట్టకూడదనే. వాల్మీకిపురం నుంచి ఒకామె శనివారం పొద్దున వచ్చింది. రక్తం తీశాక సీరం చూస్తే పాలే. ఏమైనా తిన్నావా అమ్మా అని అడిగాను. "ఏం తినలేదు మ్మా, శనివారం గదా, ఒక్కపొద్దు. ఉప్మా, రెండు అరటిపండ్లు, పాలు. అన్నం పేరెత్తితే ఒట్టు" అంది. నేనూ శనివారాలు చేసేదాన్నే కాబట్టి ఆమె తప్పేమీ నాకు కనిపించలేదు. బావగారు స్వామితో అన్నారు, "కొవ్వు తిండిదో మనిషిదో తెలియాల. తెలిసేదాకా పేరు కొట్టేయొద్దు."

పేరు కొట్టేయడమంటే, మేం 'మళ్ళా పుస్తకం' అని పిలుచుకునే దానిలో. పాలలాంటి సీరం కనపడ్డ ప్రతి మనిషి పేరూ ఆయన ఒక పుస్తకంలో నాతో రాయించేవారు. పక్కన 'మళ్ళా రావాలి' అని రాయాలి. ఆ మనిషి పరగడుపున రెండోసారి వచ్చి, లెక్క తేలి, అవసరమైతే డాక్టరు దగ్గరికి వెళ్ళాకనే ఆ పేరు మీద గీత పడుతుంది. రాకపోతే ఊరుకునేవారు కాదు. నన్ను వాళ్ళ ఇళ్ళకు పంపేవారు. ఎండలో గొడుగు వేసుకుని నేను ఎన్ని వాకిళ్ళలో నిలబడ్డానో. కొందరు విసుక్కునేవాళ్ళు. ఒకామె నన్ను చూసి లోపలికి కేకేసింది, "ఏమయ్యో, నీ రక్తం మీద మనసుపడిన మనిషి మళ్ళా వచ్చింది" అని. వచ్చి ఆ మాట స్వామికి చెప్పాను. "రేపు గూడా పోవాల" అన్నారు బావగారు.

ఇంత పట్టు ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. ఆయన మనిషి మెత్తన. బజారులో బేరం ఆడడం కూడా చేతకాదు. ఈ ఒక్క విషయంలోనే మొండి.

రెండు వేల సంవత్సరం అటూ ఇటూ అనుకుంటాను, మదనపల్లె గుండె డాక్టరు ఒకాయన మా ల్యాబుకు ఒక కొత్త పని చెప్పారు. రక్తంలో ఆ కొవ్వు ఎక్కువ ఉండి, నడుము కొలత కూడా ఎక్కువ ఉన్నవాళ్ళు సన్నగా కనిపించినా సరే, చక్కెర లేకపోయినా సరే, వాళ్ళ గుండె రక్తనాళాలను అనుమానించాలట. బరువు తూచితే తెలియదట, పొట్ట చుట్టూ టేపుతో కొలవాలట. ఆయన చెబుతూ ఉంటే నేను పక్క గదిలో గొట్టాలు కడుగుతున్నాను. సన్నటి కాళ్ళూ చేతులూ, ముందుకు వచ్చిన పొట్టా అని ఆయన అన్నప్పుడు నా చేతులు నీళ్ళలోనే ఆగిపోయాయి.

బావగారు ఆ సాయంత్రమే దర్జీలు వాడే టేపు ఒకటి కొన్నారు. మగవాళ్ళను ఆయన, ఆడవాళ్ళను నేను కొలవాలి. నెలకొక ఆదివారం డాక్టరుగారితో కలిసి కుప్పంలో క్యాంపుకు వెళ్ళేవాళ్ళం. అక్కడ మొదటి రోజే నేను పెద్ద తప్పు చేశాను. చీర కుచ్చిళ్ళు వదులు చెయ్యమ్మా అని ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళను అడగడానికి సిగ్గేసి, చీర మీదనే కొలిచి రాసేశాను. సాయంత్రం డాక్టరుగారు కాగితాలు తిరగేసి, కుప్పంలో ఒక్క ఆడమనిషికి కూడా మామూలు నడుము లేదే అని ఆశ్చర్యపోయారు. బావగారు నా రాత చూశారు, నన్ను చూడకుండా కిటికీలోంచి ఆకాశం చూశారు. క్యాంపులో క్యాలెండరు లేదు మరి. "స్వామీ, చీరను కొలిస్తే చీరకు గుండెజబ్బు ఉండాదని తేల్తుంది" అన్నారు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

తర్వాతి నెల వాళ్ళందరినీ పిలిపించి మళ్ళీ కొలిచాను. తెర కట్టించి, ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, నా కుచ్చిళ్ళు నేను ముందు వదులు చేసుకుని చూపించేదాన్ని. అప్పుడు వాళ్ళకూ సిగ్గు పోయేది. ఇంకొక చిక్కు ఉంది. టేపు చూడగానే అందరూ ఊపిరి బిగపట్టి పొట్ట లోపలికి లాక్కుంటారు. ఊపిరి మామూలుగా బయటికి వదిలాక, ఆ చివర కొలవాలి. వదలమంటే వదలరు. అప్పుడు నాకు తోచింది. "ఒకసారి గోవిందా అను తల్లీ" అన్నాను. గోవిందా అని నిండుగా పలికితే మాట అయ్యేసరికి ఊపిరి దానంతట అదే అయిపోతుంది. పొట్ట తనంత తానుగా వదులవుతుంది. సరిగ్గా అక్కడ బొటనవేలూ చూపుడువేలూ కలిపి టేపును పట్టుకుని అంకె చూసేదాన్ని. వేరే దేవుణ్ణి కొలిచేవాళ్ళను వాళ్ళ దేవుణ్ణే పిలవమనేదాన్ని. తెర అవతల నుంచి అది విన్న బావగారు మగవాళ్ళకు కూడా అదే మొదలుపెట్టారు. డాక్టరుగారు నవ్వి, తిరుమలలో కూడా ఇన్ని గోవిందాలు వినపడవు అన్నారు.

పొద్దున్నించి సాయంత్రం దాకా కొలిచి కొలిచి నా కన్నే టేపు అయిపోయింది. వీధిలో ఎవరు పోతున్నా అంకె కనిపించేది. అలాగే ఒకరోజు మా బావగారి బెల్టు కనిపించింది. గోధుమరంగు తోలు బెల్టు. ఎప్పుడూ వాడే బెజ్జం దగ్గర తోలు నల్లబడి ఉంది. ఆ నలుపు కంటే రెండు బెజ్జాలు వదులుగా ఇప్పుడు పెట్టుకుంటున్నారు. ల్యాబుకు ఐదు మెట్లు. మూడో మెట్టు మీద ఆగి చెప్పు సరిచేసుకుంటున్నారు. రోజూ అదే మెట్టు, అదే చెప్పు. మా ఆయన మిద్దె మెట్లెక్కేటప్పుడు మధ్యలో ఆగి పంచె సర్దుకునేవారు. అది నేను చూసి కూడా చూడలేదు.

అక్కతో ఎలాగో అన్నాను, బావగారు కాస్త లావెక్కినట్టున్నారని. అక్క మురిసిపోయింది. "ఇన్నాళ్ళకు నా చేతి సద్ది ఒంటికి పట్టింది, దిష్టి పెట్టొద్దు మ్మీ" అంది. ఇంకేం చెప్పను? భర్త లేని ఆడది, బావగారి నడుము గురించి ఎవరితో మాట్లాడుతుంది? నెల రోజులు నోరు మెదపలేదు.

ఒక ఉదయం నేను వెళ్ళేసరికి గొట్టాల స్టాండులో ఒక గొట్టం ఉంది. దాని మీద పేరు లేదు. మా ల్యాబులో పేరు రాయని గొట్టం ఉండదు. అది ఆయన పెట్టిన మొదటి నియమం. పైన సీరం పాలలా తెల్లగా ఉంది. బావగారు కిటికీ దగ్గర నిలబడి కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు. ఎడమ మోచేతి మడతలో దూది ఉంది.

నేను స్వామి వైపు తిరిగాను. "స్వామీ, పేరు లేని గొట్టం ఒకటి ఉండాది. ఎవరిదని రాయాల?"

నేను పుస్తకం తెరిచాను.

"నడుము కొలత గూడా కావాల స్వామీ. లేకపోతే పుస్తకంలో గడి ఖాళీగా ఉంటుంది" అన్నాను.

ఆయన అద్దాలు తుడవడం ఆపలేదు. తుడుస్తూనే అన్నారు, "ఆడవాళ్ళను కొలిచేదానికి ఆ యమ్మ ఉండాది. మగవాళ్ళకు నేనుండాను. నన్ను కొలిచేదానికి ఎవురుండారు స్వామీ?"

నేను టేపు తీశాను. ఆయన చూశారు. వద్దనలేదు. మెల్లగా వెళ్ళి క్యాలెండరుకు ఎదురుగా, నాకు వీపు పెట్టి నిలబడి, రెండు చేతులూ కొంచెం పైకెత్తారు. తెర కూడా వెయ్యలేదు, వీధి తలుపు బార్లా తెరిచే ఉంది. టేపు కొస అందించాను. ఆయనే ముందునుంచి తిప్పి నాకు అందించారు. "గోవిందా అనమని చెప్పు స్వామీ" అన్నాను.

"గోవిందా" అన్నారు బావగారు.

మాట అయిపోయింది, ఊపిరి అయిపోయింది. ఆ చివర టేపు పట్టుకున్నాను. నలభైన్నర అంగుళాలు. తప్పు చదువుతానేమోనన్న భయంతో ఆ అంకె మీద గోటితో గట్టిగా నొక్కాను. తర్వాత 'మళ్ళా పుస్తకం'లో రాశాను. పెద్దవాళ్ళ పేరు నోట పలకని ఇంటిదాన్ని, చేత్తో మాత్రం ఎలా రాస్తాను? 'బావగారు, నలభైన్నర, పాల మాదిరి, మళ్ళా రావాలి' అని రాశాను.

రెండోసారి పరగడుపున తీసినా అలాగే ఉంది. ఆయన ఊళ్ళోనే ఈసీజీ తీయించుకున్నారు. అది బాగుందన్నారట. ఆ చీటీ తెచ్చి బల్ల మీద పెట్టి, ఇక చాలన్నట్టు పనిలో పడ్డారు. మూడో మెట్టు మీద చెప్పు సరిచేసుకోవడం మాత్రం ఆగలేదు. వారం రోజులు చూశాను. చివరకు ఒకరోజు ఎవరికీ చెప్పకుండా ఆ పుస్తకం సంచిలో పెట్టుకుని మదనపల్లె బస్సెక్కాను. మా ఆయన పోయాక ఒంటరిగా బస్సెక్కడం అదే మొదలు. డాక్టరుగారి ముందు పేజీ తెరిచి పెట్టాను. ఆయన చదివి, "ఎవరమ్మా ఈ బావగారు?" అన్నారు. మా సార్ అన్నాను. ఆయన మొహంలో నవ్వు పోయింది. ఆ సాయంత్రమే ఫోను చేసి పిలిపించారు. నడిచే యంత్రం మీద నడిపించి చూసి, బెంగళూరు పంపించారు. మూడు రక్తనాళాలు మూసుకుపోయాయట. ఆపరేషను చెయ్యాలన్నారు.

బెంగళూరు వెళ్ళే రోజు ఆయన తాళాలు నా బల్ల మీద పెట్టి వెళ్ళారు. తాళాల కింద ఒక పాత పుస్తకం ఉంది. నేను ల్యాబులో చేరకముందు ఆయన తన చేత్తో రాసుకున్న మళ్ళా పుస్తకం. అన్నిటికంటే మొదటిది. నేను చేరిన రోజు దాన్ని సగంలో ఆపి బీరువాలో పెట్టేసి, నాకు కొత్తది ఇచ్చారు. ఎందుకో అప్పుడు అడగలేదు. ఇప్పుడు తెరిచాను.

మొదటి పేజీలో మొదటి పేరు మా ఆయనది. ఇన్సూరెన్సు కోసమని ఒకసారి అన్న దగ్గర రక్తం ఇచ్చారు. ఆయన పోవడానికి ఐదు నెలల ముందు. పక్కన 'పాల మాదిరి. పెండ్లి భోజనం తిని వచ్చినాడు. మళ్ళా రావాలి' అని ఉంది. కింది పేర్లన్నిటి మీదా గీతలు ఉన్నాయి. ఆ పేరు మీద లేదు.

ఆ రోజు రోగులకు తలుపు తీయలేదు. కోపం రాలేదని రాస్తే అబద్ధమవుతుంది. వచ్చింది. అటు బెంగళూరులో ఆయన్ని కోయబోతున్నారు, ఇటు నేను ఆయన మీద కోపంతో కూర్చుని ఉన్నాను. కోపంగానే దీపం పెట్టి, ఆయన బతకాలని మొక్కుకున్నాను. రెండూ ఒకే పూట చేశాను.

రెండు నెలలకు ఆయన చిక్కి సగమై ల్యాబుకు వచ్చారు. ఐదు మెట్లూ ఆగకుండా ఎక్కారు. నేను క్యాలెండరు వైపు తిరిగి, "స్వామీ, మొదటి పుస్తకం సూసినాను" అన్నాను.

ఆయన నా వైపు తిరిగారు. ఆ మొహాన్ని ఎదురుగా చూడడం నాకు అదే మొదటిసారి. తమ్ముడి కళ్ళే.

"వానికి ఒగసారే సెప్పినా మ్మా" అన్నారు. "మళ్ళా రారా అంటే నగినాడు. నేనూ నగినా. రెండోసారి సెప్పలేదు."

మిద్దె మెట్ల మీద పంచె సర్దుకుంటున్న మనిషి నా కళ్ళ ముందు నిలబడ్డాడు. అది నేనూ ఎవరికీ చెప్పలేదు.

"ఆ పేరు కొట్టే హక్కు నాకు లేదు. నీకుండాది" అని పెన్ను బల్ల మీద పెట్టారు.

"ఉండనీ బావా" అన్నాను.

నేరుగా మేం మాట్లాడుకున్నది అంతే. మర్నాటి నుంచి ఇద్దరం మళ్ళీ స్వామితోనే మాట్లాడాం. మాకు అదే బాగుండేది. నా పుస్తకంలో 'బావగారు' అన్న పేరు మీద మాత్రం ఆ రోజే గీత పెట్టాను, తిన్నగా, స్కేలు పెట్టి.

ఇదంతా తెలిశాక అక్క కొన్నాళ్ళు నాతో సరిగా మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు వంటింట్లో చిక్కుళ్ళు ఒలుస్తూ అంది, "ముప్పై ఏండ్లు కాపరం చేసినా, ఆ మనిషి నడుము నాకు తెలీలేదు. నీకు తెలిసింది." అందులో ఎత్తిపొడుపు ఉందా అని చూశాను. లేదు. ఒలిచిన గింజలు నా పళ్ళెంలోకి తోసింది.

ఆపరేషను తర్వాత నెలకొకసారి ఆయన స్వామికి ఎదురుగా నిలబడి చేతులెత్తేవారు. నేను కొలిచేదాన్ని. ముప్పై ఎనిమిది, ముప్పై ఏడు, ముప్పై ఆరు. ఆ తర్వాత ఒంట్లో ఓపిక తగ్గి, ల్యాబు మూసి, అక్కతో కలిసి కుప్పంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు క్యాలెండరు తీసుకెళ్ళలేదు. నాకు వదిలేశారు. ఇప్పుడది మా ఇంట్లో గోడ మీద ఉంది. పొద్దున లేచి నూనె అయిపోయిందనీ, మోకాలు నొప్పి అనీ అలవాటుగా చెబుతూనే ఉన్నాను. ఇన్నాళ్ళూ స్వామికి చెబితే ఇద్దరు వినేవారు. ఇప్పుడు స్వామి ఒక్కడే వింటున్నాడు. ఇలా అనుకోవడం అపచారమైతే ఆయనే క్షమించాలి.

పోయిన నెల చూడడానికి వెళ్ళినప్పుడు మంచం మీద ఉన్నారు. నన్ను గుమ్మంలో చూడగానే దుప్పటి కింద చేతులు కొంచెం పైకి లేచాయి. టేపు తీసుకుపోలేదు నేను. బక్కచిక్కిపోయిన మనిషిని కొలవడానికి ఏముంది అనుకున్నాను. తీసుకుపోవలసింది.

ఆయన పోయిన రోజు కుప్పంలో మేం ఆడవాళ్ళం వాకిలి దగ్గరే ఆగిపోయాం. మగవాళ్ళు పాడె ఎత్తుతూ ఒక్క గొంతుతో గోవిందా అన్నారు. ఆ మాట అయిపోయి, అందరి ఊపిరీ అయిపోయిన ఆ చివర, నా కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ వాటంతట అవే దగ్గరికి వచ్చి పట్టుకున్నాయి. పక్కన నిలబడ్డ అక్క చూసింది. ఆ రెండు వేళ్ళ మీద తన చెయ్యి వేసి అలాగే ఉంచింది.

నేను పోయాక ఈ పుస్తకం మీలో ఎవరి చేతికి వస్తుందో తెలియదు. పాత కాగితాలతో కలిపి పారేయకండి. అలాగని ఎవరికీ చూపించకండి, ఆ అచ్చు కాగితంలో ఉన్న నాలుగు మాటలు ఊరికి చాలు. మొదటి పేరు మీద గీత పెట్టకండి. పుస్తకం చుట్టూ ఆ టేపు చుట్టి పెడుతున్నాను. విప్పితే మళ్ళీ అలాగే చుట్టి పెట్టండి. వాడి వాడి దాని మీద అంకెలు చాలావరకు చెరిగిపోయాయి. నలభైన్నర దగ్గర మాత్రం వేలు పెట్టి చూడండి, సన్నగా నా గోటి గాటు తగులుతుంది.